నిద్రమాత్రలు - మాత్రాభేదము

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఏటేట ఈ వేదికపై విద్యాభివృద్ధిని గూర్చియో, సంఘైకమత్యమును గూర్చియో నాలుగుమాటలు విన్నవించుట మాకు వాడుక. 36 సంవత్సరములు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్న బడిపంతులము. ఔషధములను గూర్చి ప్రసంగించుటకు మాకు శాస్త్రాధికారము లేదు. ఐనను, ఏ విషయముపై మాటలాడెదరని కార్యవర్గమువా రడిగినపుడు మేము కోరి యీ విషయమునే యెన్నుకొంటిమి. వైద్యుడు చెప్పవలసినది వైద్యుడు చెప్పును. తప్పు చేసినవాడు చెప్పవలసినది వాడే చెప్పుకొనవలెను. నేడు మాకున్న యధికార మీ రెండవది మాత్రమే.

మూడేండ్ల క్రిందటి మాట. ఇట్టి మహాసభకే ముందునాటి రాత్రి మన సత్రములో దిగియుంటిమి. మా పెదతండ్రిగారి కుమారులు, అప్పటికి 78 ఏండ్ల వృద్ధులు, మా గదిలోనే పండుకొనిరి. రాత్రి పదునొకండు గంటలు దాటినపిమ్మట వారు లేచి కూర్చుండి, "తమ్ముడూ! క్రొత్తచోట కన్నంటుకొనుట లేదు. నీయొద్ద నిద్రమాత్ర యుండునుగదా, ఇటు తెమ్ము" అనిరి. మాయొద్దనున్నది ఆల్ప్రజోలమ్, 0.5 మిల్లీగ్రాములది. ఒక్కటి యీయబోగా వారు అట్టపైని సంఖ్యను దీపమునొద్ద చదివి నవ్వి, "ఒకప్పుడు డాక్టరుగారు నాకు వ్రాసినది డయజిపామ్ అయిదు. నీది అరయే గదరా! రెండు వేసికొన్నను ఒకటే యగును. అయిదులో అయిదవవంతు" అనిరి. ఆ లెక్కలో మాకు తప్పు కానరాలేదు. రెండు మాత్రలును మా చేతులతోడనే యిచ్చి, మంచినీళ్లును మేమే యందించితిమి.

తెల్లవారుజామున వారు మరుగుదొడ్డికి లేచిరి. దారిలో దీపము లేదు. తూలి గడపయొద్ద పడిరి. తుంటియెముక విరిగినది. శస్త్రచికిత్స జరిగెను, ప్రాణమునకు ముప్పు తప్పెను. కాని నాటినుండి నేటివరకు వారు చేతికఱ్ఱ లేక నాలుగడుగులు వేయలేదు. బంధువులందఱును వయస్సనిరి, చీకటియనిరి, గడపయనిరి. మేము నోరు మెదపలేదు. దాచుకొన్న యామాటను కడచిన సంక్రాంతికి వారి పాదములయొద్ద కూర్చుండి చెప్పుకొంటిమి. "నాకు చెప్పితివి, బాగుగనే యున్నది. సభలో చెప్పినచో మఱియొకడు పడకుండును" అని వారనిరి. ఇప్పుడు వారు ఈ సభలో ముందువరుసయందు కూర్చుండియున్నారు. వారి యాజ్ఞచేతనే మేమిక్కడ నిలిచియున్నాము.

లెక్క యెక్కడ తప్పినది? ఇదియే నేటి మా యుపన్యాసమునకు మూలప్రశ్న.

సంస్కృతమున మాత్ర యనగా కొలత. ఛందస్సు చదివిన పిల్లవానికి సైతము తెలియును: హ్రస్వమున కొకమాత్ర, దీర్ఘమునకు రెండు, ప్లుతమునకు మూడు. మూడును అచ్చులే, భేదము కాలములో నున్నది. మందునకును మన పెద్దలు మాత్రయనియే పేరుపెట్టిరి. జీవితమంతయు ఈ మాటకు అర్థము చెప్పిన మాకు, అట్టపైని సంఖ్య బరువును మాత్రమే తెలుపునని, బలమును తెలుపదని, కాలమును అసలే తెలుపదని, అన్నగారు పడిన పిమ్మటగాని తెలియలేదు.

ఈ మందుల పుట్టుపూర్వోత్తరములను క్లుప్తముగా మనవిచేసెదము. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున నిద్రకును మనోవ్యాకులతకును పాశ్చాత్యవైద్యులు విరివిగా వాడినవి బార్బిచురేట్లు. వానియందు నిద్రపుచ్చు మోతాదునకును ఊపిరి నాపు మోతాదునకును నడుమ దూరము కొలదియే. అందువలన పెక్కండ్రు మరణించిరి. అమెరికాదేశమున న్యూజెర్సీ రాష్ట్రములోని నట్లీ పట్టణమున, హాఫ్‌మన్-లా రోష్ వారి ప్రయోగశాలలో లియో స్టెర్న్‌బాక్ అను రసాయనశాస్త్రజ్ఞుడుండెను. 1957లో బల్లలు శుభ్రపఱచు సందర్భమున, కొంతకాలముగా ఉపేక్షింపబడి పడియున్న యొక పదార్థమును పాఱవేయక పరీక్షకు పంపిరి. అది జంతువులను తమకించకుండ శాంతింపజేసెను. అదియే క్లోర్‌డయజిపాక్సైడ్, 1960లో లిబ్రియమ్ అను పేర విపణికి వచ్చెను. 1963లో దాని తమ్ముడు డయజిపామ్, వేలియమ్ అను పేర వచ్చెను. పిదప నైట్రజిపామ్, లొరజిపామ్, క్లోనజిపామ్, ఆల్ప్రజోలమ్ మొదలగు సోదరులు వరుసగా బయలుదేరిరి. ఈ వంశమంతటికిని బెంజోడయజిపీన్లు అని పేరు.

ఇవి పనిచేయు తీరు ఒక్కటే. మన మెదడులో నరముల యలజడిని అణచు సహజద్రవ్య మొకటి గలదు; దానిని గాబా యందురు. ఆ ద్రవ్యము తగులుకొను స్థానముల ప్రక్కనే ఈ మందులు తగులుకొని, దాని పనిని మఱింత బలపఱచును. నరకణము అంత సులభముగా ఉద్రేకింపదు. కావుననే ఒక్క మందుననే భయము తగ్గుట, నిద్రపట్టుట, కండరములు సడలుట, మూర్ఛ ఆగుట, క్రొత్తవిషయము జ్ఞాపకమున నిలువకుండుట, ఈ యైదును గలవు. ఈ మందులు తగులుకొను స్థానములు మెదడునందు గలవని 1977లో కనుగొనిరి.

వంశమొకటియే, పని యొకటియే. ఇక భేదమెక్కడ? మూడింట గలదు: బలమున, కాలమున, దేహము వానిని విఱుచు మార్గమున.

మొదట బలము. ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున హెదర్ ఆష్టన్ అను వైద్యురాలు 1982 మొదలు 1994 వరకు ఈ మందులు మానదలచినవారికై యొక చికిత్సాలయము నడపెను. ఆమె సిద్ధపఱచిన పట్టిక ప్రకారము డయజిపామ్ 10 మిల్లీగ్రాములు చేయు పనిని నైట్రజిపామ్ 10, క్లోర్‌డయజిపాక్సైడ్ 25, లొరజిపామ్ 1, ఆల్ప్రజోలమ్ 0.5, క్లోనజిపామ్ 0.5 మిల్లీగ్రాములు చేయును. ఇప్పుడు మా అన్నగారి లెక్కను మరల వేయుడు. వారు వేసికొన్నది ఆల్ప్రజోలమ్ 1 మిల్లీగ్రాము. అనగా డయజిపామ్ 20. ఇట్టి పట్టికలు ఒకదానితో నొకటి పూర్తిగా సరిపోవు. మఱికొన్ని పట్టికలు ఆల్ప్రజోలమ్ 1 మిల్లీగ్రామును డయజిపామ్ 10తో సమానమని చెప్పును. ఎట్లు చూచినను, ఐదవవంతని తలచినది రెండురెట్లో నాలుగురెట్లో యైనది. ఆవగింజనంత యగుపడినది కొండంత పనిచేసినది.

రెండవది కాలము. దేహములోని మందు సగమగుటకు పట్టు వేళను శాస్త్రజ్ఞులు అర్ధాయువందురు. మిడజోలమ్ దాదాపు రెండు మూడు గంటలలో సగమగును. దానిని ఆసుపత్రులలో శస్త్రచికిత్సలకు ముందును, మూర్ఛ నాపుటకును వాడుదురు. ఆల్ప్రజోలమ్ ఆరోగ్యవంతులైన పెద్దలలో సుమారు 11 గంటలకును, వృద్ధులలో సుమారు 16 గంటలకును సగమగును. లొరజిపామ్ 12 గంటల ప్రాంతము. నైట్రజిపామ్ ఒకదినము పైచిలుకు. క్లోనజిపామ్ 30 మొదలు 40 గంటలు. డయజిపామ్ తాను రెండుదినములవఱకు నుండుటయేగాక, దేహములో మాఱి మఱియొక మందై, ఆ రూపమున నూఱుగంటలవఱకును ఉండగలదు. ఇదియే మేము చెప్పు ప్లుతము.

ఇందొక చమత్కారము గలదు. అర్ధాయువు హెచ్చుగా నున్నంతమాత్రమున ఒక్క మాత్ర పని అంతకాలము తెలియునని భావింపరాదు. డయజిపామ్ త్వరగా మెదడునకెక్కి, త్వరగనే అక్కడనుండి దిగి, క్రొవ్వులో దాగును. ఒకనాడు వేసికొన్నవానికి కొన్ని గంటలలో తేలినట్లుండును. ప్రతిదినము వేసికొన్నవానికి నిన్నటిది తీఱకముందే నేటిది చేరి, దొంతరలు దొంతరలుగ పేరుకొనును. పదియవనాడు మధ్యాహ్నము కుర్చీలో కునుకుచున్న తాతగారిని చూచి "వయస్సు" అందుము. అది వయస్సు కాకపోవచ్చును. పదిరాత్రుల మందు కావచ్చును.

పొట్టివానికిని దోషము గలదు. త్వరగా దిగిపోవు మందు తెల్లవారుజామున ఖాళీయై, మూడవజామునకే మెలకువ తెచ్చును. పగలు గుండెదడ పుట్టించును. రోగి దానిని తన జబ్బని తలచి మఱియొక మాత్ర కడుగును. ఆల్ప్రజోలమ్ మానుట కష్టమగుటకు ఇది యొక కారణము. పొడుగువాడు మెల్లగా దిగును గనుక మానువేళ కొంత మేలుచేయును. కాని ముసలివానిని పగలు తూలించును. ఒకదానియందు సుఖము, ఒకదానియందు దుఃఖము అని పంచిపెట్టుటకు వీలులేదు. ఎవరికేది తగునో చూచి యేర్పఱచుట వైద్యుని పని, ప్రక్కమంచముపై నున్నవాని పని గాదు.

మూడవది దేహము వానిని విఱుచు మార్గము. డయజిపామ్, క్లోర్‌డయజిపాక్సైడ్ మొదలగునవి కాలేయములో పలుమెట్లు దిగి మాఱును. కాలేయము చెడినవారిలోను వృద్ధులలోను ఆ మెట్లు మందగించును. లొరజిపామ్ ఒక్కమెట్టులోనే నిర్వీర్యమై బయటికిపోవును. కావున కాలేయవ్యాధి గలవారికి ఈ తెగ మందు తప్పనిసరియైనచో వైద్యులు లొరజిపామ్‌వంటి దానిని కోరుదురు. మన కంటికి రెండును తెల్లని చిన్నబిళ్లలే.

ఈ మందులను మేము దూషించుట లేదు. ఆగని మూర్ఛతో గిజగిజలాడు పసివానికి మిడజోలమో లొరజిపామో ప్రాణదానము చేయును. మద్యము హఠాత్తుగా మానినవానికి పుట్టు వణకును, మతిభ్రమణమును డయజిపామ్, క్లోర్‌డయజిపాక్సైడ్ ఆపును. శస్త్రచికిత్సకు ముందు భయమును దీర్చును. పుత్రశోకమువంటి మహాదుఃఖములో వైద్యుడు కొలదిదినములకు వ్రాసినచో అదియు మేలే. దోషము మందులో కన్న దాని గడువును మఱచిన మనలో హెచ్చుగా నున్నది. నిద్రపుచ్చు గుణము కొన్ని వారములలోనే తగ్గనారంభించును. బ్రిటిష్ ఔషధభద్రతాసంఘము 1988లోనే ఈ మందులను రెండు మొదలు నాలుగు వారములకు మించి వ్రాయరాదని వైద్యులకు సూచించెను. అమెరికా ఆహారౌషధ నియంత్రణసంస్థ 2020లో ఈ వంశమునందలి మందులన్నిటిపైనను, అలవాటుపడుటను గూర్చియు, హఠాత్తుగా మానుటవలని ముప్పును గూర్చియు మిక్కిలి గట్టి హెచ్చరిక ముద్రింపజేసెను.

ఇక మా రెండవ తప్పు. ఆఱేండ్ల క్రిందట మా గృహిణి కాలధర్మము నొందినది. నలుబదియేండ్ల సహవాసము. ఇంటిలో గడియారపు చప్పుడు తప్ప వేఱొండు లేకపోయెను. నిద్రపట్టనందున ఒక వైద్యుడు పదునైదుదినములకు ఆల్ప్రజోలమ్ వ్రాసెను. ఆ చీటీ మడతలు నలిగి చినుగువఱకు దానితోడనే కొనుచుంటిమి. ఏడాదిలో అర ఒకటియైనది. అన్నగారు పడిననాడు, సిగ్గువలనను పశ్చాత్తాపమువలనను, మిగిలిన మాత్రలన్నిటిని మురుగుకాలువలో పాఱబోసి, ఇక ముట్టమని ప్రతిజ్ఞ చేసికొంటిమి. ప్రాయశ్చిత్తమని మా భావము.

రెండవరాత్రినుండియే చేతులు వణకసాగినవి. గిన్నె క్రిందపడిన చప్పుడు చెవిలో గునపముగా దిగెను. చర్మముక్రింద చీమలు ప్రాకినట్లుండెను. మూడురాత్రులు కనుఱెప్ప మూతపడలేదు. మతి తప్పుచున్నదని, మా యింటనే యెవరో కుట్రపన్నుచున్నారని సందేహము గలిగెను. నాలుగవనాడు మా అల్లుడు బలవంతముగా ఒక ప్రభుత్వ వైద్యశాలకు గొనిపోయెను. అచ్చటి మానసికవైద్యురాలు, మా విద్యార్థినులలో నొకతెవలె వయస్సున చిన్నది, కథయంతయు విని ఇట్లనెను: "పంతులుగారూ! ఇతరులకిచ్చుట మొదటి తప్పు. ఒక్కసారిగా మానుట రెండవ తప్పు. అదృష్టము, మీకు మూర్ఛ రాలేదు." ఆమె మమ్ము మెల్లగా డయజిపామ్‌లోనికి మార్చి, రెండుమూడు వారముల కొకసారి కొంచెము కొంచెముగా తగ్గించుచు, పదునొకండు నెలలలో ఒడ్డుచేర్చెను. తుది మాత్ర వేసికొన్ననాటి తేదీని మేము పంచాంగముపై వ్రాసికొని దాచియుంచితిమి.

హఠాత్తుగా మానిన నేమగునో చూపుటకు మా కథయొక్కటియే కాదు, మన ప్రాంతపు బహిరంగదృష్టాంత మొకటి గలదు. తెలంగాణమున కొన్నిచోట్ల కల్లులో డయజిపామ్, ఆల్ప్రజోలమ్ మొదలగు మందులు కలుపు దురాచారము చాలకాలముగా నున్నది. త్రాగువాడు కల్లే త్రాగుచున్నానని తలచును. వాని దేహ మలవాటుపడినది మందునకు. 2015లో ప్రభుత్వాధికారులు కల్తీకల్లుపై గట్టిచర్య గైకొనగా, నిజామాబాదు మొదలగు జిల్లాలలో పెక్కండ్రు వణకులతోను, చిత్తభ్రమతోను, మూర్ఛలతోను ఆసుపత్రులకు చేరిరి. తాటిచెట్టునుండి దిగిన కల్లులో ఆ మందు లేదు. దోషము దానిని కలిపినవారిది. కాని ఆ సంవత్సరము నేర్పిన పాఠమిది: ఈ మందును తెలియక వేసికొన్నవానిని గూడ దేహము విడువదు.

కావున ఇప్పుడు వినబోవు మాటను దయయుంచి జాగ్రత్తగా చిత్తగింపుడు. ఈ సభలో కొన్ని నెలలుగా, సంవత్సరములుగా ఈ మాత్రలు వేసికొనుచున్నవారున్నచో, మా యుపన్యాసము విని నేటిరాత్రి మానరాదు! అట్లు మానినచో మేము మూడవ తప్పు చేసినవార మగుదుము. ఎప్పటివలెనే వేసికొని, ఈ వారములోనే వైద్యుని జూడుడు. 2025లో అమెరికాలోని పలు వైద్యసంఘములు కూడి వెలువరించిన మార్గదర్శకము, మొదట రెండు మొదలు నాలుగు వారముల కొకసారి నూటికి ఐదు మొదలు పదివంతుల తగ్గింపు నాలోచింపుమని, రెండువారములలో నూటికి ఇరువదియైదువంతులకు మించి తగ్గింపవలదని చెప్పుచున్నది. ఎక్కుటకు పట్టిన కాలముకన్న దిగుటకు పట్టు కాలము హెచ్చు.

వృద్ధులను గూర్చి ప్రత్యేకముగా మనవిచేసెదము. అమెరికా వృద్ధవైద్యసంఘమువారు 2023లో సవరించిన బీర్స్ పట్టిక, 65 ఏండ్లు దాటినవారికి పొట్టివైనను పొడుగువైనను ఈ మందులు సాధ్యమైనంతవఱకు వలదనుచున్నది. పడుట, ఎముక విఱుగుట, మఱపు, మతితికమక, వాహనప్రమాదములు - ఇవి కారణములు. గుఱ్ఱుపెట్టుచు మధ్యమధ్య ఊపిరి యాగువారికి ముప్పు హెచ్చు. మద్యముతో కలిపినచో, లేక ట్రమడాల్, కోడీన్, మార్ఫీన్‌వంటి నొప్పిమందులతో కలిపినచో, నిద్ర గాఢమై ఊపిరియే యాగవచ్చును. దీనిని గూర్చి అమెరికాలో 2016లోనే గట్టిహెచ్చరిక వెలువడినది. "నాది ఆ తెగ కాదు, జోల్పిడెమ్" అని కొందఱందురు. జోల్పిడెమ్ రసాయనరూపమున వేఱైనను ఆ తలుపునే తట్టును. అది వేసికొని నిద్రలోనే నడచినవారును, బండి నడపినవారును గలరు. 2019లో దానికిని హెచ్చరిక తప్పలేదు.

విద్యార్థులారా! పరీక్షలముందు భయము పోవుటకని మన వసతిగృహములో ఒకరి మాత్ర మఱియొకరు వేసికొనుచున్నట్లు మా చెవినిబడినది. క్రొత్తపాఠము జ్ఞాపకమున నాటుకొనకుండ జేయుట ఈ మందుల సహజగుణమని ఇంతకుముందే చెప్పితిమి. మాత్ర వేసికొని చదివిన శ్లోకము మఱునాడు నాలుకపై నిలువదు. బడిపంతులు చెప్పుచున్న మాట యిది, నమ్ముడు.

శాసనము నిద్రించుట లేదు. మనదేశమున ఔషధనియమములలో 2013లో హెచ్1 అను పట్టిక చేర్చబడి, 2014 మార్చి 1వ తేదినుండి యమలునకు వచ్చెను. ఆల్ప్రజోలమ్, డయజిపామ్, నైట్రజిపామ్, క్లోర్‌డయజిపాక్సైడ్, మిడజోలమ్, జోల్పిడెమ్ అందున్నవి. వైద్యుని చీటీ లేక వీని నమ్మరాదు. అమ్మినపుడు వైద్యుని పేరును, రోగి పేరును, మందును, పరిమాణమును ప్రత్యేకపుస్తకమున వ్రాసి మూడేండ్లు దాచవలెను. నలిగిన పాతచీటీ చూపి మేము కొన్నదియు తప్పే, చూడక యమ్మినదియు తప్పే.

మఱి నిద్రపట్టనివాడు ఏమి చేయవలెను? చరకసంహిత ఆహారమును, నిద్రను, బ్రహ్మచర్యమును దేహమునకు మూడు ఊతలుగా చెప్పినది. ఊత కావలసినదే, అరువు తెచ్చిన ఊతను అసలు స్తంభమనుకొనుటయే ప్రమాదము. దీర్ఘకాలపు నిద్రలేమికి మొట్టమొదట చేయవలసినది మందుగాక అలవాట్లను తీర్చు చికిత్సయని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో నిర్ణయించినది. ఆ వైద్యురాలు మాచేత చేయించినదియు అదియే. రాత్రి ఎట్లు గడచినను ఉదయము ఒకే వేళకు లేచుట. నిద్రవచ్చిననే గాని మంచమెక్కకుండుట. ఇరువది నిమిషములవఱకు పట్టకున్నచో లేచి వేఱొకచోట కూర్చుండుట. మధ్యాహ్నపు కునుకు తగ్గించుట. సాయంకాలపు కాఫీ మానుట. మంచముపై పత్రిక చదువుట, సెల్‌ఫోను చూచుట మానుట. మొదటి మూడువారములు మాకు నరకముగా నుండెను. నాలుగవవారమున, కోడికూతతో మెలకువ వచ్చినపుడు, రాత్రి నిద్రించితిమని తెలిసెను. మనోవ్యాకులతకు గూడ అలవాటుచేయని వేఱు మందులును, మాటలతో చేయు చికిత్సయు గలవు. అవి నిదానముగా పనిచేయును. వైద్యు డది చెప్పినపుడు తొందరపడి "తక్షణము పనిచేయునది వ్రాయు" మని మనమే యడుగుచున్నాము.

పోషకమహాశయులారా! తుదిగా మీ సన్నిధిని నాలుగు విన్నపములు.

మొదటిది: మన సత్రములో నొక మందులపెట్టె గలదు. ఇంటిలో పెద్దలు గతించినపుడు మిగిలిన మాత్రలను పుణ్యమని అందు వేయుచున్నారు. దాతల భావము పవిత్రమే. కాని కడచిన నెల మేము తెఱచి చూడగా అందు క్లోనజిపామ్, ఆల్ప్రజోలమ్, లొరజిపామ్ అట్టలు కలిసిమెలిసి పడియున్నవి. ఎవరికి కావలసినవి వారు తీసికొనుచున్నారు. ఆ పెట్టెనుండి ఈ తెగ మందులను నేడే తీసివైచి, వానిని నాశనముచేయు విధము తెలిసిన మందుల దుకాణదారునకో వైద్యశాలకో అప్పగింపవలెను. మావలె మురుగులో పాఱబోయరాదు. ఇకముందు ఆ పెట్టెలో గాయమునకు కట్టు, జ్వరమునకు సామాన్యమైన మందు మాత్రమే యుండవలెను.

రెండవది: సత్రపు గదులనుండి మరుగుదొడ్లకు పోవు దారిలో రాత్రియంతయు వెలుగు చిన్నదీపములును, గోడలకు పట్టుకొను కడ్డీలును అమర్పవలెను. అన్నగారు పడిన గడపను చదును చేయవలెను. ఇందులకు మా పింఛనునుండి మొదటి చందా 5,000 రూపాయలు ఇప్పుడే కోశాధికారిగారి కర్పించుచున్నాము.

మూడవది: మన సంఘమున వైద్యవిద్య నభ్యసించిన యువకులును యువతులును పలువురు గలరు. సంఘ విద్యార్థివేతనముతో చదివినవారును వారిలో నున్నారు. నెలకొక ఆదివారము వారు సత్రమున కూర్చుండి, వృద్ధులు తెచ్చు మాత్రల అట్టలను చూచి, ఏది యెందులకో, ఏది యెన్నాళ్లకో తెలుపవలెనని ప్రార్థన.

నాలుగవది ప్రతి గృహస్థునకు. ఇంటికి పోయి పెద్దల తలగడక్రింద చూడుడు. అక్కడ నున్న మాత్ర యేది, ఎప్పుడు వ్రాసినది, ఎవరు వ్రాసినది కనుగొనుడు. మందలింపకుడు, లాగికొనకుడు. ప్రక్కన కూర్చుండి, "రాత్రి నిద్రపట్టుచున్నదా?" యని యడుగుడు. మా గృహిణి పోయిన యేడాదిలో ఆ ప్రశ్న యొక్కసారి యెవరైన అడిగియుండినచో, మేము ఆ నలిగిన చీటీని పట్టుకొని అంతదూరము పోయియుండము. ఇది యెవరిమీదనో నిష్ఠురము గాదు. అడుగుటకు మేమును ఎవరికిని అవకాశమీయలేదు.

అన్నగారూ! అయిదులో అయిదవవంతని మన మిద్దఱము వేసిన లెక్కను సభవారి యెదుట దిద్దితిమి. బడిలో విద్యార్థి తప్పును ఎఱ్ఱసిరాతో దిద్దుటకు మా చేతికి అలవాటున్నది. మా తప్పును దిద్దుటకు మూడేండ్లు పట్టినది. ఈ సభనుండి ఒక్క యింటివారైనను మరలిపోయి, ప్రక్కవారి కీయబోయిన మాత్రను తిరిగి అట్టలో పెట్టినచో, మీ విఱిగిన యెముకకు కొంత ఫలము దక్కినదని మేము తలంచెదము.

 అందఱకును ఆరోగ్యమును, అరువు లేని నిద్రయు గలుగుగాక!

స్వస్తి.